ఆఫ్రికానా స్టడీస్‌లో మేజర్ చేయాలంటే: కోర్సులు, డబుల్ మేజర్, వీసా సంగతులు

హాయ్ అండి అందరికీ. అమెరికాలో డిగ్రీ చదువుతున్న లేదా అప్లై చేస్తున్న మన తెలుగు పిల్లల కోసం ఈ వీడియో, అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చూస్తే ఇంకా మంచిది.

ఆఫ్రికానా స్టడీస్ అంటే ఆఫ్రికా మూలాలున్న ప్రజల చరిత్ర, సంస్కృతి చదివే సబ్జెక్ట్, దీన్నే బ్లాక్ స్టడీస్ అని కూడా అంటారు, దీన్ని డిగ్రీలో మేజర్‌గా, అంటే మెయిన్ సబ్జెక్ట్‌గా తీసుకోవచ్చు. ముందు ఇది ఎలా పుట్టిందో చెప్తా, ఎందుకంటే యూనివర్సిటీలు వాటంతటవే తెచ్చి పెట్టింది కాదు ఇది. 1968 నవంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో బ్లాక్ స్టూడెంట్స్ యూనియన్ వాళ్లు స్ట్రైక్‌కి దిగారు, ఏషియన్, లాటినో స్టూడెంట్లు కూడా వాళ్లతో కలిశారు, నాలుగు నెలల పైనే నడిచింది, లాఠీ దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు, అయినా వదల్లేదు, అలా వచ్చింది బ్లాక్ స్టడీస్ డిపార్ట్‌మెంట్. 1969 ఏప్రిల్‌లో కార్నెల్ యూనివర్సిటీలో స్టూడెంట్లు విల్లర్డ్ స్ట్రెయిట్ హాల్‌ని ఆక్రమించారు, అదే ఏడాది అక్కడ ఆఫ్రికానా సెంటర్ మొదలైంది, జేమ్స్ టర్నర్ దానికి మొదటి డైరెక్టర్. వీళ్లంతా మీ వయసు పిల్లలే అండి.

సరే, ఇందులో ఏం చదువుతాం? ఆఫ్రికా, కరీబియన్, బ్రెజిల్, అమెరికా, ఇవన్నీ కలిపి చదువుతాం. అమెరికా ఒక్కటి చదివితే చాలదా అని అడుగుతారు. స్లేవ్ వాయేజెస్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, ఫ్రీనే, ఓపెన్ చేయండి. ఆఫ్రికా నుంచి బానిసలుగా అట్లాంటిక్ మీదుగా సుమారు 1.25 కోట్ల మందిని ఓడలెక్కించారు, బతికి దిగింది 1.07 కోట్ల మంది. అందులో ఇప్పటి అమెరికా గడ్డ మీదకి నేరుగా తెచ్చింది 4 లక్షల లోపే, మిగతా వాళ్లలో దాదాపు అందరూ బ్రెజిల్, కరీబియన్ దీవుల్లో దిగారు. మరి ఒక్క అమెరికా చదివితే ఏం తెలుస్తుంది చెప్పండి.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, ఇది అమెరికా 1860 సెన్సస్‌లో స్లేవ్ షెడ్యూల్, అంటే బానిసల లెక్క రాసిన పేజీ. వీడియో పాజ్ చేసి చూసినా పర్లేదు. ఈ గడిలో ఓనర్ పేరు, పూర్తిగా ఉంది. దాని కింద వరసగా వయసు, ఆడా మగా, రంగు, అంతే. పేర్లు రాసే గడి మాత్రం బానిసలకి లేదు. పారిపోయినవాళ్ల లెక్కకి విడిగా గడి ఉంది, బానిసలుండే ఇళ్లెన్నో రాయడానికీ గడి ఉంది, పసిపిల్లకి కూడా వయసు రాశారు, పేరు రాయలేదు. వీళ్లలో ఎక్కువ మంది పేర్లు సెన్సస్‌లో మొదటిసారి కనపడేది 1870లో. అంతకు ముందున్న ఆ ఖాళీని నింపాలంటే ఓనర్ల వీలునామాలు, తోటల ఖాతా పుస్తకాలు, చర్చి రికార్డులు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు పక్కపక్కన పెట్టి ఒక్కో మనిషినీ వెతకాలి. ఈ పని నేర్పుతుంది కాబట్టే నాకు ఈ మేజర్ అంటే అంత గౌరవం. ఈజీగా 'A' గ్రేడ్ వస్తుందని మాత్రం రాకండి, వారానికో పుస్తకం చదివించే సెమినార్లుంటాయి.

ఇక ప్రాసెస్. క్యాటలాగ్‌లో వెతికేటప్పుడు ఆఫ్రికానా అనే కాదు, బ్లాక్ స్టడీస్, ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ అని కూడా కొట్టండి, టెంపుల్ యూనివర్సిటీలో అయితే ఆఫ్రికాలజీ అంటారు. మామూలుగా 10 నుంచి 12 కోర్సులుంటాయి: ఒక ఇంట్రో, ఒక మెథడ్స్, తర్వాత ప్రాంతాల వారీగా కొన్ని, చివర్లో కాప్‌స్టోన్, అంటే సొంతంగా చేసే పెద్ద ప్రాజెక్ట్. కొన్ని చోట్ల స్వాహిలి, యోరుబా లాంటి భాషలు కూడా చెప్తారు, ఉంటే తప్పకుండా తీసుకోండి. ఫస్ట్ ఇయర్‌లో ఇంట్రో ఒక్కటి చేసి చూడండి, డిక్లేర్ చేయడానికి, అంటే ఇదే నా మేజర్ అని కాలేజీకి చెప్పడానికి, చాలా కాలేజీల్లో సెకండ్ ఇయర్ చివరి దాకా టైముంటుంది.

ఇంట్లో మొదట అడిగేది ఉద్యోగం గురించే కదా, అడగాలి కూడా. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి, ఈ మేజర్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందకి రాదు, అంటే ఓపీటీ, చదువుకు సంబంధించిన ఉద్యోగం అమెరికాలో చేసుకునే అనుమతి, 12 నెలలే, ఆ పైన 24 నెలల ఎక్స్‌టెన్షన్ దీని మీద రాదు. అందుకే కంప్యూటర్ సైన్స్‌తోనో స్టాటిస్టిక్స్‌తోనో కలిపి డబుల్ మేజర్ చేయమంటా, మీ ఐ-20లో, అంటే వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రంలో, రెండూ ఎలా పడతాయో ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో ముందే కనుక్కోండి. ఇదేమీ వింత కాదు, 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన మే జెమిసన్ స్టాన్‌ఫర్డ్‌లో కెమికల్ ఇంజినీరింగ్‌తో పాటు ఆఫ్రికన్ అండ్ ఆఫ్రో-అమెరికన్ స్టడీస్ కోర్సులు కూడా పూర్తి చేశారు.

కాప్‌స్టోన్ టాపిక్ విషయంలో మన పిల్లలకి ఒక వీలుంది. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ తెలుసు కదా, ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్ల, వారసులు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉన్నారు. తెలుగు, ఉర్దూ వచ్చినవాళ్లు వెళ్లి మాట్లాడగలరు. ఇంకొకటి, 1946లో అంబేద్కర్ గారు అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌కి ఉత్తరం రాశారు, ఐక్యరాజ్యసమితికి అమెరికాలో నల్లజాతి వాళ్లు పంపిన అర్జీ కాపీ కావాలని, డుబోయిస్ జవాబిచ్చారు కూడా. డుబోయిస్ పేపర్లు మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్‌హర్స్ట్ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. కానీ కులం, జాతి రెండూ ఒకటే అని మొదటి పేజీలోనే తేల్చేయకండి, ముందు ఆ ఉత్తరాలు చదవండి.

ఈ వారం మీరు చేయాల్సింది ఒకటే, డిపార్ట్‌మెంట్ పేజీలో డైరెక్టర్ ఆఫ్ అండర్‌గ్రాడ్యుయేట్ స్టడీస్ ఎవరో చూసి నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. మీ మొదటి మేజర్ ఏంటి, ఇప్పటిదాకా ఏ కోర్సులు చేశారు, వచ్చే సెమిస్టర్ ఇంట్రోలో సీటుందా, ఏవి రెండు మేజర్లకీ లెక్కకొస్తాయి, ఇంతే రాసి మీ డిగ్రీ ఆడిట్ (ఏ కోర్సులు అయ్యాయి, ఏవి మిగిలాయి అని చూపే రిపోర్ట్) పీడీఎఫ్ అటాచ్ చేయండి.