గట్టు మీద పడే చిక్కు ఇంట్లోనే మొదలవుతుంది: రీల్‌లో దారం ఎక్కించే పద్ధతి

నమస్తే అండీ. ఈ రోజు చేపలు పట్టే స్పిన్నింగ్ రీల్‌లోకి దారం ఎక్కించడం గురించి మాట్లాడుకుందాం. చెరువు గట్టు మీద నిలబడి ఎర విసరగానే, స్పూల్ (రీల్‌లో దారం చుట్టి ఉండే భాగం) మీంచి దారం ముద్దగా ఊడొచ్చి రాడ్ మొదటి రింగులో ఇరుక్కుంటుంది. అప్పుడు మనం రీల్‌ని తిడతాం, లేదంటే గాలిని తిడతాం. చాలాసార్లు ఆ రెండిటి తప్పూ ఉండదు. దారం చుట్టిన రోజే దానికి పురి ఎక్కిపోయి ఉంటుంది.

ఈ పురి ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ గుండ్రంగా తిరగదు. హ్యాండిల్ తిప్పితే బెయిల్, అంటే ఈ వంపు తీగ, స్పూల్ చుట్టూ తిరుగుతూ దారాన్ని చుడుతుంది. షాపు నుంచి తెచ్చిన చుట్ట నుంచి కూడా దారం రింగులు రింగులుగానే వస్తుంది. మొక్కలకు నీళ్లు పట్టే పైపు చుట్టను నేల మీదే ఉంచి ఒక కొస పట్టుకుని లాగితే మెలికలు పడుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. చుట్ట వదిలే దిశ, బెయిల్ చుట్టే దిశ కలిసొస్తే సరే. ఎదురైతే ప్రతి చుట్టుకీ కొంత పురి పేరుకుంటూ పోతుంది.

అందుకే చుట్టను నేల మీద లేబుల్ పైకి ఉండేలా పడుకోబెట్టమంటారు. నన్నడిగితే ఆ లేబుల్ మాటను గుడ్డిగా నమ్మక్కర్లేదు. పది, పదిహేను చుట్లు తిప్పి ఆపండి. రాడ్ కొసను చుట్ట వైపు వంచి దారాన్ని వదులు చేయండి. అది నిదానంగా నేల మీద వాలిపోతే కానివ్వండి. తనలో తాను మెలి తిరిగిందంటే చుట్టను తిరగేయండి, అంతే. చుట్ట మధ్యలో పెన్సిల్ గుచ్చి ఎవరో ఒకరి చేత పట్టించే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది స్పూలే తిరిగే బైట్‌కాస్టర్ రీల్‌కి చక్కగా పనికొస్తుంది.

మొదలుపెట్టేటప్పుడు దారాన్ని రాడ్ మొదటి రింగులోంచి తెచ్చి, బెయిల్ తెరిచిపెట్టి, ఆ తర్వాతే స్పూల్‌కి ముడి వేయాలి. బెయిల్ తెరవకుండా ముడి వేస్తే హ్యాండిల్ ఎంత తిప్పినా దారం ఎక్కదు, మళ్లీ విప్పుకోవాలి. స్పూల్ చుట్టూ కొస తిప్పి, అసలు దారం మీద ఒక మామూలు ముడి, ఆ కొస చివర ఇంకో ముడి. లాగితే మొదటిది జారి బిగుస్తుంది, రెండోది దాన్ని ఊడిపోనివ్వదు.

చుట్టేటప్పుడు దారం వదులుగా ఉండకూడదు. తడి గుడ్డ మధ్యలోంచి దారం పోనిచ్చి, రెండు వేళ్లతో కాస్త టెన్షన్ ఇవ్వండి. పొడి వేళ్లతో గట్టిగా నొక్కితే నైలాన్ వేడెక్కి పాడవుతుంది. కొరమీను కోసం ఫ్రాగ్, అంటే కప్ప ఆకారపు ఎర, వేసేవాళ్లు బ్రెయిడ్, అంటే పోగులతో అల్లిన దారం, వాడతారు కదా, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ బరువు పడగానే కింది వరసల్లోకి దిగిపోతుంది. తర్వాత విసిరితే అక్కడే పట్టేస్తుంది. పైగా నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ మొత్తం కట్టగా జారి తిరుగుతుంది. కింద కొన్ని చుట్లు నైలాన్ వేయండి, లేదా చిన్న ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించండి.

ఇక ఎంత నింపాలి? స్పూల్ అంచుకి రెండు మూడు మిల్లీమీటర్ల కిందికి. డబ్బు పెట్టి కొన్నాం కదా అని మిగిలిన దారమంతా ఎక్కించేస్తే, విసిరినప్పుడు చుట్లు వాటంతట అవే దూకుతాయి. మరీ తక్కువైతే దారం అంచుకి రాసుకుని దూరం తగ్గిపోతుంది. స్పూల్ మీద 0.30 మి.మీ. దారం 150 మీటర్లు అని రాసి ఉంటే, 0.35 దారం సుమారు 110 మీటర్లే పడుతుంది. లావు కొంచెమే పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, లెక్క దాని వర్గంతో మారుతుంది. కొన్న చుట్ట 100 మీటర్లే అయితే అడుగున పాత దారం వేసి ఎత్తు పెంచుకోండి. ఎంత వేయాలో తెలియడానికి ఒక ఉపాయం ఉంది. ముందు కొత్త దారం చుట్టేసి, దాని మీద పాతది అంచు దాకా నింపి కోసేయండి. అదంతా అదే సైజు రెండో స్పూల్‌లోకి ఎక్కిస్తే పాతది అడుక్కి, కొత్తది పైకి వస్తుంది.

బాగా చుట్టిన దారానికి కూడా మనమే పురి ఎక్కిస్తాం. పెద్ద బొచ్చె డ్రాగ్‌ని (దారాన్ని బిగువుగా వదిలే బ్రేకుని) లాక్కుపోతుంటే కంగారులో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాం. దారం లోపలికి రాదు, బెయిల్ మాత్రం తిరుగుతుంది. గేర్ 5.2 అయితే, అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి బెయిల్ 5.2 చుట్లు తిరిగితే, హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే అయిదు మెలికలు. చేప లాగుతున్నంతసేపూ చెయ్యి ఆపండి. విసిరాక బెయిల్‌ని చేత్తో మూసి, దారాన్ని ఒకసారి బిగించాకే చుట్టడం మొదలుపెట్టండి.

ఇప్పటికే పురి ఎక్కి ఉంటే, పారే కాలువ దగ్గరికెళ్లి గాలం, ఎర అన్నీ తీసేసి, ఒట్టి దారాన్ని యాభై మీటర్లు నీళ్లలోకి వదలండి. కొన్ని నిమిషాలు ఉంచి, వేళ్ల మధ్య బిగువుగా పట్టుకుని చుట్టండి. దారం మరీ దెబ్బతిని ఉంటే ముందు భాగం కోసేయడమే మేలు. ఆ ముక్కని మాత్రం గట్టు మీద వదలకండి, కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి.