కీబోర్డ్ సౌండ్ కదలాలంటే: కోరస్, ఫేజర్, రోటరీ, గమకాల సంగతి

[ఎలక్ట్రిక్ పియానో టోన్. సి మేజర్ కార్డ్ నొక్కి పట్టుకోవాలి. మొదట ఎఫెక్ట్ లేకుండా, తర్వాత కోరస్‌తో.]

రెండుసార్లూ అదే కార్డ్, అవే వేళ్లు. రెండోసారి సౌండ్ మాత్రం ఒకచోట నిలవలేదు. అదే మాడ్యులేషన్.

నమస్తే. తిరుపతిలో రిసెప్షన్లకు, భజనలకు కీబోర్డ్ వాయించే తమ్ముళ్లు తరచూ అడిగే మాట: "డీఎస్పీ (ఎఫెక్టుల బటన్) నొక్కితే ఇన్ని పేర్లొస్తాయే, ఏది పెట్టుకోవాలన్నా?"

పేర్లెన్నున్నా సౌండ్‌ని ఇలా కదిలించే ఎఫెక్టులన్నిటి వెనకా ఉండేది ఎల్ఎఫ్ఓ అనే నెమ్మదైన అల. సాధారణంగా అది 20 హెర్ట్జ్ కంటే కిందే ఊగుతుంది కాబట్టి మన చెవికి వినపడదు. అది దేన్ని ఊపుతోందో అదే వినపడుతుంది. వాల్యూమ్‌ని ఊపితే ట్రెమొలో, శ్రుతిని ఊపితే వైబ్రాటో. ఎంత వేగంగా ఊపాలో రేట్ చెబుతుంది, ఎంత మేర ఊపాలో డెప్త్ చెబుతుంది.

[కోరస్ డెప్త్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచాలి.]

కోరస్‌లో మీ సౌండ్‌కి ఒక కాపీ తయారై, దాదాపు 15 నుంచి 30 మిల్లీసెకన్లు వెనకగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని ఎల్ఎఫ్ఓ అటూ ఇటూ కదిలిస్తే కాపీ శ్రుతి కాస్త పైకీ కిందకీ పోతుంది. భజనలో పదిమంది ఒకే స్వరం అందుకున్నా అందరి శ్రుతీ అచ్చంగా కలవదు, నిండుదనం అక్కడే వస్తుంది. ఇదీ అంతే. 1982లో వచ్చిన రోలాండ్ జూనో-60 సింథసైజర్‌లో ఒక్కో స్వరానికి ఒకే ఆసిలేటర్, అంటే సౌండ్ పుట్టించే భాగం ఒక్కటే. అయినా అంత చిక్కగా వినిపించడానికి పెద్ద కారణం అందులోని కోరస్సే.

ఆలస్యాన్ని బాగా తగ్గించి, ఫీడ్‌బ్యాక్ కలిపితే, అంటే బయటికొచ్చిన సౌండ్‌లో కొంత మళ్లీ లోపలికి పంపితే ఫ్లాంజర్. విమానం మీదుగా పోయినట్టుంటుంది. పెళ్లి పాటల్లో దాని జోలికి పోనక్కర్లేదు. ఫేజర్ పని వేరు, అది ఫిల్టర్లతో సౌండ్‌లో గాట్లు పెట్టి వాటిని జరుపుతుంది. ఎలక్ట్రిక్ పియానో మీద నెమ్మదిగా పెడితే నాకు చాలా ఇష్టం.

ఆర్గాన్‌కైతే రోటరీ. డాన్ లెస్లీ చేసిన స్పీకర్ పెట్టెలో హార్న్ నిజంగానే తిరుగుతుంది. నెమ్మది వేగంలో సెకనుకు ఒక చుట్టు కూడా ఉండదు, ఫాస్ట్‌లో ఆరేడు చుట్లు. వేగం మారడానికి కాస్త టైం పడుతుంది, అందమంతా ఆ మధ్యలోనే ఉంది. కాబట్టి ప్రతి లైనుకీ బటన్ నొక్కకండి.

[ఎడమ చేతి దగ్గరి రెండు వీల్స్ క్లోజప్.]

ఇక అన్నమయ్య కీర్తనల దగ్గరికి వద్దాం. గమకం కావాలని చాలామంది మాడ్యులేషన్ వీల్ తోస్తారు. చాలా టోన్లలో దానివల్ల వచ్చేది వైబ్రాటో. ఏ స్వరం మీదైనా ఒకే వేగం, ఒకే ఊపు. గమకం అలా ఉండదు. తోడిలో గాంధారం ఊగే తీరు వేరు, అదే రాగంలో పంచమం కదలకుండా నిలుస్తుంది. గమకం పలికించే పని పక్కనున్న పిచ్ బెండ్ వీల్‌ది. మామూలుగా అది రెండు సెమిటోన్ల వరకు పోతుంది. మీ చెయ్యి ఎంత తిప్పితే అంతే కదులుతుంది కాబట్టి ఊపు మీ చేతిలో ఉంటుంది.

[తోడి గాంధారం: ముందు మాడ్యులేషన్ వీల్‌తో, తర్వాత పిచ్ బెండ్‌తో.]

అకౌస్టిక్ పియానో టోన్‌కి మాత్రం ఇవేవీ వద్దంటాను. కోరస్ పెట్టారంటే శ్రుతి తప్పిన పాత పియానోలా మోగుతుంది.

ఇంకొకటి. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయిన కోరస్ కల్యాణ మండపంలో పలచబడిపోతుంది. అక్కడ సౌండ్ చాలాసార్లు మోనో. కుడి, ఎడమ కలిసిపోగానే స్టీరియో కోరస్‌లో కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మీ కీబోర్డ్ వెనక ఎడమ జాక్ మీద మోనో అని కూడా రాసి ఉంటే, అదొక్కటే గుచ్చి ఇంట్లోనే వినండి. పలచబడితే డెప్త్ తగ్గించండి. అయినా కుదరకపోతే కోరస్ తీసి ట్రెమొలో పెట్టుకోండి, మోనోలోనూ నిలుస్తుంది. ఆటో పాన్ మాత్రం వద్దు. అది ఎడమ నుంచి కుడికి తిరగడమే కాబట్టి మోనోలో దాదాపు వినపడదు.

[ఆటో పాన్ స్టీరియోలో, వెంటనే మోనోలో.]