కలిమిలో విశ్వాసం: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు వందనాలు. కలిమి వచ్చాక విశ్వాసం ఎలా నిలబెట్టుకోవాలన్నది ఈ వారం విషయం. పాస్టరుగారు మనతో ఉన్నారు. మొదటి ఫోను. చెప్పండి.

శ్రోత: వందనాలు అయ్యగారూ. మేము చాలా కష్టాలు చూశామండీ. అద్దె గదిలో ఉన్నప్పుడు నేనూ మా ఆవిడా చాప మీద మోకరించేవాళ్లం. మోకాళ్లు ఆనిన చోట చాప పీచు లేచిపోయింది. ఇప్పుడు వ్యాపారం నిలదొక్కుకుంది. సొంత ఇల్లు కట్టాం. ప్రార్థనకని వేరే గది కూడా కట్టించాను. అందులో... ఇప్పుడు సరుకు పెట్టెలున్నాయి. ఖాళీ చేద్దామనే అనుకుంటున్నాను. ఆదివారం కూడా ఫోన్లు ఆగవు. సంపాదనలో దేవునికిచ్చే దశమభాగం మాత్రం తప్పలేదండీ. మరి నేను దేవునికి దూరమైనట్టా, కానట్టా?

పాస్టర్: తమ్ముడూ, ఆ చాప మీద దేనికోసం ప్రార్థించేవారు?

శ్రోత: అద్దె కోసం. పిల్లవాడి ఫీజు కోసం.

పాస్టర్: అవి తీరాయి, ప్రార్థనా ఆగింది. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం చదవండి. ఇశ్రాయేలీయులు అరణ్యంలో 40 ఏళ్లు, దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారం తిన్నారు. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. తెల్లవారేదాకా దాచుకుంటే పురుగు పట్టేది. విశ్రాంతి దినం కోసం ముందురోజు ఏరుకున్నది మాత్రమే నిలిచేది. దేవుడు ఇస్తానన్న కనాను దేశం గడపలో నాయకుడు మోషే వాళ్లను హెచ్చరించింది ఆకలి గురించి కాదు. మంచి ఇళ్లు కట్టుకుని, మందలు పెరిగి, వెండి బంగారాలు కూడాక ఇదంతా నా చేతి బలమే అనుకుంటారు, జాగ్రత్త అన్నాడు. మరచిపోవడం ఒక్కరోజులో జరగదు.

శ్రోత: అంటే వ్యాపారం తగ్గించుకోమంటారా? దశమభాగం ఇస్తూనే ఉన్నాను కదండీ, అందుకని...

పాస్టర్: దశమభాగం సంగతి నేను అడగలేదు, మీరే రెండుసార్లు చెప్పారు. మిగతా తొమ్మిది భాగాలు ఎవరివి? మీవే అనుకుంటున్నారు. నా బాధ అక్కడ. వ్యాపారం మూయమనడం లేదు. సంపాదించే సామర్థ్యం ఇచ్చింది దేవుడే అని అదే అధ్యాయం 18వ వచనంలో ఉంది. సొలొమోను రాజుకు దేవుని ఆలయం కట్టడానికి 7 ఏళ్లు పట్టింది, తన ఇల్లు కట్టుకోవడానికి 13 ఏళ్లు. అప్పట్లో అది ఎవరికీ తప్పుగా తోచి ఉండదు. గుర్రాలు, భార్యలు, వెండి బంగారాలు విస్తరించుకోకూడదని రాజుకు ధర్మశాస్త్రం ముందే చెప్పింది. ఆయన మూడూ విస్తరించుకున్నాడు. జ్ఞానం కావాలని అడిగిన మనిషే, ముసలితనంలో అన్యదేవతల వైపు తిరిగాడు. మళ్లీ చెబుతున్నాను, మరచిపోవడం ఒక్కరోజులో జరగదు.

శ్రోత: మా ఆవిడా ఇదే అంటుంది అయ్యగారూ. ఆ చాప ఆమె ఇంకా పారేయలేదు.

పాస్టర్: మంచిదమ్మా ఆమె. ఈ రాత్రే పెట్టెలు జరపండి. గదంతా ఖాళీ కానక్కర్లేదు, ఇద్దరు మోకరించేంత చోటు చాలు. ఫోను బయట పెట్టండి.

వ్యాఖ్యాత: మరో శ్రోత. చెప్పండమ్మా.

శ్రోత: అయ్యగారూ, అలాగైతే పేదరికమే మేలు కదా?

పాస్టర్: కాదమ్మా. బైబిల్లో సామెతల గ్రంథం 30వ అధ్యాయంలో ఆగూరు అనే ఆయన పేదరికం, కలిమి రెండూ వద్దన్నాడు. కడుపు నిండితే యెహోవా ఎవరంటానేమో, లేమి వస్తే దొంగిలిస్తానేమో అని భయపడ్డాడు. మీరూ ఆ భయంతోనే అడగండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తరువాతి ఫోను. బాబూ, క్లుప్తంగా.

శ్రోత: కొత్తగా ఉద్యోగంలో చేరానండీ. పైవాళ్లు తప్పుడు లెక్కల మీద సంతకం పెట్టమంటున్నారు. ఒక్కసారికేగా అంటున్నారు.

పాస్టర్: పెట్టవద్దు నాయనా. ప్రార్థన మానలేదని దానియేలును సింహాల గుహలో వేశారు, కానీ ఆయన వద్దనడానికి ఆ గుహ దాకా ఆగలేదు. బబులోనుకు బందీగా వచ్చిన కొత్తలోనే, రాజు భోజనం దగ్గరే వద్దన్నాడు. మొదటిసారి వద్దనడమే తేలిక. ఉద్యోగం పోతుందని భయమా?

శ్రోత: అవునండీ. ఇంట్లో అందరూ నా జీతం మీదే...

పాస్టర్: ఆ భయం నాకు తెలుసు నాయనా. సంఘ పెద్దలకు ఈ రోజే చెప్పు, ఒంటరిగా మోయకు. నీకోసం ఇప్పుడే ప్రార్థిస్తాను.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ప్రార్థనతో ముగిద్దాం. అయ్యగారూ...