మూడు రంగుల సబ్బు కిట్: తిరుపతి ఎండలో మా ఇంట్లో ఏమైందంటే

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలోది చూడండి. మొన్నటి దాకా ఇది ఒకే సబ్బు. స్నానానికి వెళ్లిన మా ఆయన తెల్ల బిళ్ల ఒక చేత్తో, ఎర్ర బిళ్ల ఇంకో చేత్తో పట్టుకొని వచ్చి, "ఏది రుద్దుకోవాలి?" అన్నారు.

ఇది ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్. కంపెనీ పేరు చెప్పను, తప్పు సగం నాది కూడా. కిలో గ్లిజరిన్ బేస్ (కరిగించి పోసుకునే రెడీమేడ్ సబ్బు గడ్డ), సిలికాన్ అచ్చు, మూడు రంగు సీసాలు, ఒక సెంటు. బేస్‌కి వంక పెట్టను. కాస్టిక్ సోడాతో మనకు పని లేదు, అదంతా ముందే అయిపోయి ఉంటుంది. ముక్కలు కోసి, వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించడమే. మరగనివ్వకండి, తీగలు సాగుతుంది.

రంగులకు మాత్రం వంక పెడతాను. ఈ అంచు చూడండి, మూడో రోజుకే ఎరుపు తెల్ల పొరలోకి గోడకు చెమ్మ ఎక్కినట్టు పాకింది. నీళ్లలో కరిగే రంగులతో ఇదే బాధ. మైకా పొడి, అంటే మెరిసే అభ్రకం రంగు పొడి, కరగదు, వేసిన చోటే ఉంటుంది.

ఇక విడిపోవడం సంగతి. కిట్‌లోని కాగితం మీద 'పది నిమిషాలు ఆగి రెండో పొర పోయండి' అని ఉంది. మే నెలలో, తిరుపతిలో, మిద్దె కింద వంటింట్లో పది నిమిషాలు ఏ మూలకు? పోసీ పోయగానే రెండూ కలిసిపోయాయి. రెండోసారి పంతానికి గంటన్నర వదిలేశాను. పూర్తిగా గట్టిపడిన పొర మీద కొత్తది అతుక్కోదు. అదే ఈ రెండు బిళ్లలు.

మూడోసారి గడియారం చూడలేదు. కాచిన పాల మీద మీగడ కట్టినట్టు పైన పొర కట్టాలి. తాకితే వేలికి అంటకూడదు, లోపల మాత్రం ఇంకా వెచ్చగా ఉండాలి. అప్పుడు పొరలు బాగా అతుక్కోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్ ఒక్కసారి స్ప్రే చేయండి. స్టవ్ ఆపారా? దానికి మంట అంటుకుంటుంది, జాగ్రత్త. రెండో పొర సలసల కాగుతూ కాదు, 50 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా చల్లారాక, గరిటె వెనక మీదుగా పోయండి. కింది పొరకు గుంట పడదు.

ఇదిగో, మూడోసారిది. మెలి తిప్పుతున్నా, విడిపోవట్లేదు. ఈ ఎర్ర పొర గాంధీ రోడ్డులో కొన్న ఎర్రచందనం పొడి. శేషాచలం కిందే ఉంటూ కూడా చాలామంది దీనికి గంధం వాసన ఉంటుందనుకుంటారు. ఉండదు, రంగే. ఆ వాసన తెల్ల చందనానిది. పచ్చి వేపాకు ముద్ద మాత్రం వేయకండి, బూజు పడుతుంది.

అక్టోబర్, నవంబర్ వానల్లో సబ్బు మీద చెమట పడుతుంది. గ్లిజరిన్ గాలిలో తేమను లాగుతుంది మరి. ఆరగానే క్లింగ్ ఫిల్మ్ చుట్టేయండి.

కిట్ మళ్లీ కొనను. బేస్, మైకా విడిగా తెప్పించుకుంటాను. ఈ రెండు బిళ్లలూ రేపు కరిగించి ఒకటి చేస్తాను. ఏ రంగు వస్తుందో గానీ, మా ఆయనకే ఇస్తాను.