పగిలినా పారేయని పింగాణీ

మిత్రులందరికీ నమస్కారం.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరప్ పింగాణీని మీలో చాలామంది చూసే ఉంటారు. ‘ఎంత ముద్దుగా ఉన్నాయో’ అనుకుని ముందుకు వెళ్లిపోతాం. నేనూ చాలాకాలం అలాగే వెళ్లిపోయాను. పింగాణీ బొమ్మ ముందు నన్ను మొదటిసారి ఆపింది ఒక మేక.

అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పడుకుని పిల్లకు పాలిస్తున్న తెల్లని మేక. 1732లో జర్మనీలోని మైసెన్ కార్ఖానాలో యోహాన్ యోఆహిం కెండ్లర్ మలిచాడు. అప్పటికి యూరప్ వాళ్లకు గట్టి పింగాణీ గుట్టు తెలిసి పాతికేళ్లయినా కాలేదు. బంగారం చేస్తానన్న యోహాన్ ఫ్రెడ్రిక్ బెట్గర్‌ను సాక్సనీ పాలకుడు అగస్టస్ నిర్బంధించి ప్రయోగాలు చేయించాడు. 1708లో పింగాణీ చేతికొచ్చింది, 1710లో కార్ఖానా మొదలైంది. 37 ఏళ్లకే బెట్గర్ చనిపోయాడు. ఇక అగస్టస్ సంగతి చెప్పాలంటే, 151 చైనా పింగాణీ వస్తువుల కోసం 1717లో ప్రష్యా రాజుకు 600 మంది సైనికులను ఇచ్చేసిన మనిషి! బొమ్మల అందం ముందు ఆ 600 మందిని మరచిపోవడం నాకు చేతకాదు.

డ్రెస్డెన్‌లోని తన జపనీస్ ప్యాలెస్‌ను పెద్ద పెద్ద పింగాణీ జంతువులతో నింపాలని ఆయన కోరిక. ఆ మేక వాటిలో ఒకటి. పచ్చి పింగాణీ ఆవంలో కాలేటప్పుడు దాదాపు ఆరో వంతు కుంచించుకుపోతుంది. అరచేతిలో ఇమిడే బొమ్మ దాన్ని తట్టుకుంటుంది. ఇంత పెద్ద జంతువులో మందమైన చోటు ఒక తీరుగా, పలుచని చోటు మరో తీరుగా ఆరి, ఒకదాన్నొకటి లాగి చీలిపోతాయి. మన కుమ్మరులకు ఇది కొత్త సంగతి కాదు. అందుకే ఆ జంతువుల ఒంటి మీద ఇప్పటికీ పగుళ్లు కనిపిస్తాయి. రంగుల కోసం మళ్లీ కాల్చే ధైర్యం లేక తైలవర్ణాలు పూశారు. అవి తరువాత పోయాయి. ఈనాటి తెలుపు అలా మిగిలింది.

తరువాత కెండ్లర్ చిన్న బొమ్మల వైపు మళ్లాడు. విందు చివర మిఠాయిలు పెట్టే బల్ల మీద అంతకుముందు చక్కెర బొమ్మలుండేవి. వాటి స్థానంలో విదూషకులు, పల్లెజనం, వాద్యాలు వాయించే కోతులు వచ్చారు. బల్ల చుట్టూ అతిథులు కూర్చుంటారు కాబట్టి బొమ్మ అన్ని వైపులా బాగుండాలి. దాన్ని గోడకు వీపు ఆనించి పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చివరగా ఒక సేకరణ గురించి చెప్పాలి. డ్రెస్డెన్ బ్యాంకరు గుస్తావ్ ఫొన్ క్లెంపెరర్ కూర్చిన మైసెన్ బొమ్మలు అవి. యూదు కుటుంబమని నాజీలు వాటిని లాక్కున్నారు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ మీద బాంబులు పడిన రాత్రి అందులో చాలా భాగం కోట ఆవరణలో ఒక లారీలో ఉంది. శిథిలాల్లోంచి ముక్కలు ఏరారు. 1991లో ఆ సేకరణ కుటుంబానికి తిరిగి దక్కితే, వాళ్లు ఎక్కువ భాగాన్ని డ్రెస్డెన్ మ్యూజియంకే ఇచ్చారు. మిగిలినవాటిలో కొన్ని 2010లో లండన్‌లో వేలానికి వచ్చాయి. చాలావాటికి చేతులు లేవు, తలలు లేవు. అతికించి పూర్తిచేయకుండా, పగిలినవి పగిలినట్టే పెట్టారు. కొనేవాళ్లు వచ్చారు.