శివారు కాలనీకి వయసొస్తే

శ్రోతలకు నమస్కారం.

"మా కాలనీ మునుపటిలా లేదండీ." నగర శివార్లలో ఎక్కడికి వెళ్లినా ఈ మాట వినపడుతుంది. మునుపు అంటే ఎప్పుడని అడిగి చూడండి. అన్నవాళ్లు తాము గృహప్రవేశం చేసిన నాటి సంగతులే చెబుతారు. అంతకుముందు అక్కడ దున్నుకుని బతికినవాళ్ల కళ్లకు వీళ్లే కొత్తవాళ్లు.

శివారు కాలనీకి పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. ఇళ్లన్నీ ఒక్కసారే లేస్తాయి. అమెరికాలో న్యూయార్క్ నగరానికి తూర్పున లెవిట్‌టౌన్ అని ఒక ఊరుంది. బంగాళాదుంప చేలల్లో 1947లో పని మొదలుపెట్టి, 1951 నాటికి 17,000కు పైగా ఇళ్లు కట్టేశారు. దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. చేరినవాళ్లూ ఇంచుమించు ఒక ఈడువాళ్లే. రెండో ప్రపంచ యుద్ధం ముగించుకొచ్చిన సైనికులు, వాళ్ల భార్యలు, చంటిపిల్లలు. అన్నట్టు, తెల్లవాళ్లు తప్ప ఇంకొకరు ఉండకూడదని మొదట్లో ఒప్పంద పత్రాల్లోనే షరతు రాశారు. ఆ రోజులే బాగుండేవనే వాళ్లు ఎవరికి బాగుండేవో చెప్పరు.

సరే, ఒక ఈడు జనమంతా ఒకేసారి దిగితే ఏమవుతుంది? మొదట బడి చాలదు. అదనపు గదులు కడతారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి పిల్లలు ఎగిరిపోతారు, ఆ గదులకు తాళాలు పడతాయి. ఆటస్థలంలో గడ్డి మొలుస్తుంది, మందుల షాపు దగ్గర వరస పెరుగుతుంది. ఇంకో ఇరవై ఏళ్లకు అసలు దెబ్బ. కప్పులు, నీటి గొట్టాలు, కరెంటు తీగలు అన్నీ కట్టింది ఒకేసారి కదా, మరమ్మతుకొచ్చేదీ ఒకేసారే. ఇంటివాళ్లు పింఛను మీద బతికే రోజుల్లోనే ఆ ఖర్చు వచ్చి పడుతుంది. ఒకరు అమ్ముకుంటారు, ఒకరు అద్దెకిస్తారు, ఒకరు కారే కప్పు కింద గిన్నె పెట్టుకుని సర్దుకుంటారు. ధర తగ్గింది కాబట్టి కొత్తవాళ్లు వస్తారు. వాళ్లొచ్చాకే కాలనీ పాడైందంటారు పాతకాపులు. కప్పు కారడం మాత్రం అంతకుముందే మొదలైంది.

దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. కొత్త రైలు మార్గమో, పెద్ద ఆఫీసో దగ్గరికొస్తే డబ్బున్నవాళ్లు పాత ఇళ్లు కొని బాగుచేయిస్తారు. లండన్‌లో కార్మికుల పేటలు ఇలా చేతులు మారడం చూసి, రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1964లో దానికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టారు. వీధి తళతళలాడుతుంది. సొంతిల్లున్న ఆయనకు అది శుభవార్త. పక్క వాటాలో అద్దెకున్న ఆయనకు మాత్రం సామాను సర్దుకోమన్న కబురు.

లెవిట్‌టౌన్‌లో తొలినాటి ఇళ్లకు పై అటక పూర్తిచేయకుండానే అప్పగించారు. పిల్లలు పుట్టేకొద్దీ ఒకరు అక్కడ గదులు వేసుకున్నారు, ఇంకొకరు ముందుకు వరండా లాగారు, మరొకరు పక్కన కారుకు షెడ్డు కట్టారు. ఇప్పుడు అక్కడ మొదటి రూపంలోనే మిగిలిన ఇల్లు కనపడటం అరుదు.