మొక్కకు పురుగు కూడు కాదు, ఎరువు

పురుగులను పట్టే మొక్కల గురించి నేను చెప్పగానే, "ఆ మొక్క పురుగులు తిని బతుకుతుందంట గదా?" అంటారు. పెళ్లికి పోయినా, బస్సెక్కినా ఇదే మాట. వినీ వినీ చిరాకొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

మా మామది చిత్తూరు పక్కన తోతాపురి తోట. చెట్ల మొదట్లో పశువుల ఎరువు వేయిస్తాడు. అట్లని మామిడిచెట్టు పేడ తిని బతుకుతోందని ఎవరూ అనరు గదా! తిండి అది ఎండలో ఆకుల్లోనే వండుకుంటుంది. ఎరువు నుంచి తీసుకునేది నత్రజని, భాస్వరం లాంటివి. ఈ మొక్కలదీ అదే కథ. సారం లేని చిత్తడి నేలలో పెరుగుతాయి, ఎరువేసే మామ లేడు. అందుకే ఎగిరొచ్చే ఎరువును పట్టుకోవడం నేర్చాయి.

(తెరపై: డ్రోసెరా దగ్గరి నుంచి)

పురుగులు పట్టే ఈ డ్రోసెరా మొక్క మన శేషాచలం కొండల్లోనే ఉంది. వానలు పడ్డాక తడి నేల మీద, రూపాయి బిళ్లంత ఎర్రటి గుత్తి. తెలియక తొక్కేస్తుంటాం! ఆకు నిండా సన్నటి వెంట్రుకలు, ప్రతి కొననా ఒక బొట్టు. మంచు కాదు, జిగురు. దోమ వాలి గింజుకునే కొద్దీ పక్క వెంట్రుకలు కూడా వంగి మీద పడతాయి. ఊపిరాడక చస్తుంది.

ఎరువు లోడు దిగింది. కానీ పచ్చి పేడ చెట్టుకు పనికిరాదు, దిబ్బలో మాగాలి. తోటలో ఆ పని సూక్ష్మజీవులు నెలల తరబడి చేస్తాయి. ఇక్కడ ఆకే దిబ్బ. ఎంజైములు, అంటే అరిగించే రసాలు వదిలి, పురుగులోని ప్రొటీన్లను కరిగించి పీల్చుకుంటుంది. డొల్ల మిగులుతుంది.

జీవశాస్త్రవేత్త డార్విన్ 1875లో ఇలాంటి మొక్కల మీద పుస్తకమే వేశాడు. డ్రోసెరా ఆకు మీద మాంసం, గుడ్డు తెల్లసొన పెడితే కరిగించుకుంది. గాజు ముక్క పెడితే ముడుచుకుంది గానీ, త్వరగానే విప్పేసింది. దానికి కావలసింది నత్రజని, గాజులో అదెక్కడిది?

నాకు మరీ ఇష్టమైనది అమెరికాలోని కరోలినా రాష్ట్రాల మొక్క, వీనస్ ఫ్లైట్రాప్. దీనికి లెక్కలొచ్చు! ఆకు లోపలి వెంట్రుకకు ఒక్కసారి ఏదైనా తగిలితే కదలదు, వాన చినుకేమో. సుమారు 20 సెకన్లలోపు మళ్లీ తగిలితే, సెకనులో పదో వంతులో టప్పున మూసుకుంటుంది. మామ కూడా అంతే, ట్రాక్టరు చప్పుడు వినగానే కూలీలను పిలవడు, గేటు దాటితేనే పిలుస్తాడు. లోపల పురుగు ఇంకో రెండు మూడు సార్లు తన్నుకుంటేనే ఎంజైములు ఊరతాయి. కూలి దండగ కాకూడదు మరి. అరగడానికి వారం, పది రోజులు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. మేఘాలయ కుండమొక్కకు అంచే జారుడుబండ, జారి పడిన పురుగు లోపలి నీళ్లలో మునుగుతుంది. నీళ్లలో పెరిగే యుట్రిక్యులేరియా అనే మొక్కకు చిన్న తిత్తులుంటాయి, సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు, నీళ్లతో సహా పురుగును లాగేస్తాయి.

నర్సరీలో కొని తెచ్చుకుంటారా? మన బోరు నీళ్లు పోయకండి, ఆ ఉప్పులకు తట్టుకోలేవు. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి. ఇంతసేపు ఎరువు ఎరువు అన్నాను గదా అని కుండీలో మాత్రం వేయకండి, వేర్లు మాడిపోతాయి.